ముప్పై మూడు సిట్టింగులు, పదహారు రోజుల ఖాళీ

ముందే చెప్పేస్తున్నాను. ఆ డ్రైవరు బతకలేదు. రెండోసారి వైద్యం అయ్యాక మూడేళ్ల నాలుగు నెలలు ఉన్నాడు, ఆ తర్వాత పోయాడు. చివరిదాకా దాచిపెట్టి కన్నీళ్లు తెప్పించే విద్య నాకు రాదు. బిలాస్‌పూర్ లోకో షెడ్డు బుకింగ్ ఆఫీసులో ఇరవై మూడేళ్లు డ్రైవర్ల డ్యూటీలూ, సెలవులూ, సిక్కు రోజులూ లెక్కవేసినవాణ్ణి. జవాబు ముందు రాసి, అది ఎలా వచ్చిందో తర్వాత చూపించడం నాకు అలవాటు.

రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీలో సగం మంది తెలుగు కూడబలుక్కుని చదువుతారని తెలుసు. అందుకే వాక్యాలు చిన్నవి రాస్తాను. చదవడం కష్టమైతే అమ్మచేత చదివించుకోండి. అమ్మకు కూడా ఇది తెలియాలి.

జరిగింది ఎనభైల చివర్లో. ఇన్నేళ్లయినా నా కోపం తగ్గలేదు. ఎవరి మీద కోపమంటే ఒక వరస ఉంది. ఆ వరసలో మొదటివాణ్ణి నేనే.

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి ఖలాసీగా చేరాను. లెక్కలు షెడ్డు గోడ మీద సుద్దముక్కతో నేర్చుకున్నాను. ఏ బండికి ఎన్ని గంటలు, ఏ డ్రైవరుకి ఎంత విశ్రాంతి, ఎవరి సెలవు ఏ తేదీతో ముగుస్తుంది, ఇవన్నీ నోటితో చెప్పేవాణ్ణి. అది చూసి ఎవరో పుణ్యాత్ముడైన అధికారి నన్ను బుకింగ్ ఆఫీసులో కూర్చోబెట్టాడు. అప్పటినుంచి నేను 'లెక్కల బాబు'ని. ఆ పేరంటే నాకు ప్రాణం. ఆ గర్వం ఏం చేసిందో చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

ఒక్క నియమం అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. బండి నడిపేవాడు ఒకే విడతలో తొంభై రోజులు దాటి సిక్కులో, అంటే జబ్బు సెలవులో ఉంటే, మళ్లీ ఇంజను ఎక్కేముందు పెద్ద వైద్య పరీక్ష గట్టెక్కాలి. తప్పితే ఇంజను దిగాలి. స్టోర్సులోనో, ఆఫీసులోనో కుర్చీ ఇస్తారు. ఆ రోజుల్లో మా షెడ్డులో నడిచిన లెక్క అది. మీకు ఇందులో పెద్ద కష్టం కనిపించకపోవచ్చు. మా డ్రైవర్లకి మాత్రం ఇంజను దిగడమంటే నలుగురిలో చొక్కా విప్పించినట్టు.

దానికి మేం ఒక ఉపాయం కనిపెట్టాం. ఎనభై రోజులు దాటగానే ఎలాగో ఒక ఫిట్ సర్టిఫికెట్ తెప్పించి, మనిషిని డ్యూటీకి రప్పించేవాళ్లం. షెడ్డులో నిలబెట్టి ఉన్న ఇంజను మీద రెండు రోజులు కూర్చోబెట్టి, మూడో రోజు మళ్లీ సిక్కు రాయించేవాళ్లం. లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. దీన్ని 'లెక్క విరవడం' అనేవాళ్లు. ఎప్పుడు విరవాలో, ఏ తేదీన ఏ కాగితం ఎక్కడ ఉండాలో చెప్పేవాణ్ణి నేను. కాలు విరిగినవాడు, కామెర్లవాడు, టైఫాయిడ్ తిరగబెట్టినవాడు, మొత్తం పదకొండు మందికి విరిచాను. పదకొండుకి పదకొండూ సరిపోయాయి.

పన్నెండోవాడే ఈ డ్రైవరు.

నాకన్నా నాలుగేళ్లు పెద్ద. మా ఎదుటి వరసలో క్వార్టరు. మాది శ్రీకాకుళం పక్క ఊరే, వాళ్లదీ అంతే. 'అన్నయ్యా' అని పిలిచేవాణ్ణి. పెండ్రా రోడ్ మీదుగా కాట్ని వైపు బొగ్గు గూడ్సులు నడిపేవాడు. గొంతు పెద్దది. ఇంజనులో డ్రైవరూ అసిస్టెంటూ ప్రతి సిగ్నల్‌నీ ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. ఈయన పచ్చ దీపం చూసి 'హరా' అంటే వెనక పెట్టెలో గార్డుకి కూడా వినపడుతుందని వేళాకోళం చేసేవాళ్లం.

ఆ గొంతు బొంగురుపోయింది.

ఒకరోజు అసిస్టెంటు నా కౌంటరు దగ్గరికి వచ్చి మొర పెట్టుకున్నాడు.

"బాబూ, ఈయనతో నన్ను బుక్ చెయ్యకండి. నోరాడతంది గానీ మాట రాదు. సిగ్నల్ కోసం ఆయన మూతి కేసి సూడాలా, బయటకి సూడాలా?"

డ్రైవరు వెనకే ఉన్నాడు. నవ్వాడు. "మీ వొదిన గొంతు పిసికేసిందిరా."

"నాలుగు నెల్ల నుంచి పిసుకుతోందా అన్నయ్యా?" అన్నాను నేను.

"దాని సేతుల్లో బలం నీకేటి తెలుసు? పప్పు రుబ్బిన సేతులవి."

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాలుగు నెలలంటే నూట ఇరవై రోజులు. ప్రతి మనిషి సిక్కు రోజులూ వేళ్ల మీద పెట్టుకునే నాకు, తగ్గని బొంగురు నూట ఇరవై రోజులంటే ఏమిటన్న ఆలోచన రాలేదు. ఖైనీ వల్ల, బొగ్గు ధూళి వల్ల, అరుపుల వల్ల అనుకున్నాం. పిల్లలూ, మూడు వారాలు దాటి గొంతు మారితే డాక్టరుకి చూపించండి. నవ్వడం తర్వాత చూసుకోవచ్చు.

చివరికి అసిస్టెంటు పోరు పడలేక డ్రైవరు సదర్ బజార్‌లో ఒక గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన లోపల అద్దం పెట్టి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. ఆ రోజు నుంచే సిక్కు. పదకొండు రోజులకి రిపోర్టు వచ్చింది. అది తెచ్చినవాడు డ్రైవరు బామ్మర్ది. ఊళ్లోనే కుదుదండ్‌లో ఉండేవాడు, గూడ్సు ఆఫీసులో గుమాస్తా. రిపోర్టు తీసుకుని అక్క ఇంటికి వెళ్లలేదు. నా దగ్గరికి వచ్చాడు. తలుపు దగ్గరికి వేశాడు.

"కాన్సరంట బాబూ," అన్నాడు.

నేను ముందున్న రిజిస్టరు మూసేశాను.

"బావకి తెలీకూడదు," అన్నాడు మళ్లీ.

"మరి ఏం చెప్తాం?"

"పుండని సెప్దాం. కరెంటు సెక పెడితే ఆరిపోతాదని సెప్దాం. మా నాయనకి ఇలాగే పేరు సెప్పీసినారు. మూడో రోజుకి పోనాడు. రోగంతో గాదు, పేరుతో పోనాడు."

"డాక్టరు ఇంకేమన్నాడు?"

"కంఠంలో ఒక పక్కనే ఉందంట. ఎక్కడికీ పాకలేదంట. బేగి ఎల్తే బాగవుతాదన్నాడు. అలాగే అంటారులే బాబూ డాక్టర్లు."

మీరు ఇక్కడ ఆగి ఈ చివరి మాటలు మళ్లీ చదవండి. ఒక పక్కనే ఉంది, పాకలేదు, బేగి వెళ్తే బాగవుతుంది. ఆ రోగం గురించి ఒక మనిషి వినగల మాటల్లో అంతకన్నా మంచివి తక్కువ. ఆ మాటలు ఎవరికి చేరాలి? డ్రైవరుకి. అతనికి తప్ప అందరికీ చేరాయి. చేరినవాళ్లం కూడా మొదటి పేరు విని బిగుసుకుపోయాం, 'బేగి' అన్నది చెవికెక్కలేదు. కాన్సరంటే ఒక రోగమనుకున్నాం. ఎక్కడ పుట్టింది, ఎంత దూరం పోయింది, ఏ రకం అన్నవి అడిగితే ఒక్కొక్కటీ ఒక్కో రోగమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రెండు బళ్లు ఆలస్యంగా వచ్చాయంటే ఏ బండి, ఎన్ని నిమిషాలు, ఏ స్టేషన్లో అని పది ప్రశ్నలు వేసేవాణ్ణి నేను. ఆ రోజు ఒక్కటీ వేయలేదు.

సరేనన్నాను. దాచడానికి ఒప్పుకున్నాను.

వారం తిరిగేసరికి రెండు వరసల క్వార్టర్లకి తెలిసిపోయింది. ఆడవాళ్లు అతని భార్య చేతిలో చెయ్యి వేసి ఏడ్చి, అతను గుమ్మంలోకి రాగానే కూరల ధర మాట్లాడేవాళ్లు. ఊరి పక్క మోప్కాలో వేరు మందు ఇచ్చే మనిషి ఉన్నాడని ఎవరో చెప్తే అతన్ని అక్కడికి తిప్పారు. పద్నాలుగు రోజులు. పుండే కదా, పోతే పోయిందని అతనూ సైకిలెక్కి వెళ్లాడు. ఆ చేదు కషాయం తాగుతూ నాతో అన్నాడు:

"ఈ నా కొడుకు మందుకన్నా మీ వొదిన కాసే సారే నయం రా."

నవ్వాలి కాబట్టి నవ్వాను.

తర్వాత నాగపూర్‌లో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టే ఆసుపత్రికి పంపే కాగితాలకి తొమ్మిది రోజులు పట్టింది. అక్కడ మిషన్ దగ్గర వరస వచ్చేసరికి పద్దెనిమిది రోజులు. కూడండి. పదకొండు, పద్నాలుగు, తొమ్మిది, పద్దెనిమిది. యాభై రెండు. మొదటి సిట్టింగు నాడు అతని సిక్కులో యాభై మూడో రోజు, సోమవారం.

ముప్పై మూడు సిట్టింగులు రాశారు. వారానికి ఐదు, శని ఆదివారాలు లేవు. ఆరు వారాల మూడు రోజులు. బామ్మర్ది ఆ చీటీ చూపించగానే నేను కాగితం కూడా తీయకుండా చెప్పాను. చివరి సిట్టింగు సిక్కులో తొంభై ఏడో రోజున పడుతుంది. ఏడు రోజులు ఎక్కువ.

ఆ ఏడు రోజుల్ని చూసి నాకు ఉత్సాహం వచ్చింది. ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. మనిషి కంఠంలో అది పెరుగుతుంటే, నాకు చేయగల పని ఒకటి దొరికింది.

నా లెక్క ఇదీ. నాలుగు వారాల్లో ఇరవై సిట్టింగులవుతాయి. శుక్రవారం ఇరవయ్యోది పెట్టించుకుని బండెక్కాలి. సోమ, మంగళ షెడ్డులో డ్యూటీ. బుధవారం సిక్కు, రాత్రి బండికి తిరుగు ప్రయాణం. గురువారం ఇరవై ఒకటోది. పోయేవి మూడు. ఆ మూడూ చివర్లో కలుపుకుంటే మొత్తం ముప్పై మూడే. ముందు ఇరవై, వెనక పదమూడు. ఎప్పుడు కూడినా కూడిక మారదు కదా!

నాగపూర్‌లో ఎవరినైనా అడగాలనిపించలేదు. సెలవు లెక్కలకి డాక్టరునెందుకు అడుగుతారు?

డ్రైవరుకి ఉత్తరం రాశాను. ఆ వారం మనవాడొకడు నాగపూర్ నుంచి తిరిగొస్తుంటే అతనితో జవాబు చెప్పి పంపాడు. "పుండు కోసం ఇంజను వొగ్గేస్తానా? వచ్చేస్తానని సెప్పు."

అతను ఒప్పుకున్నాడని నేను చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఒప్పుకున్నది పుండుకి. తనకున్నది ఏమిటో తెలిసి ఉంటే ఇంజనుకీ కంఠానికీ మధ్య ఏది ఎంచుకునేవాడో నాకు తెలియదు. బహుశా ఇంజనే ఎంచుకునేవాడేమో, అంత మొండివాడు. అయినా ఎంచుకునే హక్కు అతనిది. దాన్ని మేం దొంగిలించాం.

శుక్రవారం సిట్టింగు అయ్యాక అక్కడ ఎవరికీ చెప్పకుండా వచ్చేశాడు. ఫిట్ సర్టిఫికెట్ ఎలా వచ్చిందో రాయను. మెడ చర్మం నల్లగా కమిలి ఉంది. మంచినీళ్లు మింగడానికి కళ్లు మూసుకునేవాడు. ఆ మనిషిని రెండు రోజులు ఆగిన ఇంజనులో కూర్చోబెట్టి, రిజిస్టరులో నా చేత్తో 'ఫిట్, ఆన్ డ్యూటీ' అని రాశాను. యూనియను నాయకుడు వచ్చి నా భుజం తట్టాడు. "లెక్కల బాబున్నంత వరకూ మనకేటి భయం," అన్నాడు.

బుధవారం మళ్లీ సిక్కు రాయించాం. అక్కడే నా తెలివి తెల్లారింది. ఇది కొత్త సిక్కు కదా, నాగపూర్ పంపే పాత కాగితాలు చెల్లవన్నారు. మళ్లీ సంతకాలు, మళ్లీ పాసు. ఒక సంతకం చేయాల్సిన ఆయన ఊళ్లో లేడు. నేను విరిచినది సిక్కు లెక్కనొక్కదాన్నే కాదు, ఆ కాగితాల వరసను కూడా. అది నాకు తట్టలేదు. మూడు సిట్టింగులనుకున్నది పదయింది. ఇరవయ్యో సిట్టింగు అయిన శుక్రవారానికీ, ఇరవై ఒకటోదానికి వెళ్లిన సోమవారానికీ మధ్య పదహారు రోజులు ఖాళీగా పోయాయి.

తప్పు చేశానన్న గుబులు అప్పటికే ఉంది కాబట్టి, ఈసారి నేనూ వెంట వెళ్లాను. బామ్మర్దీ వచ్చాడు.

అక్కడి డాక్టరు యాభై ఏళ్ల ఆడమనిషి. సన్నగా, కంచులా మాట్లాడేది. డ్రైవరు కార్డు చూసింది. వేలితో తేదీలు లెక్కపెట్టింది. నేను చేసినట్టే, పెదాలు కదుపుతూ. తర్వాత తలెత్తి హిందీలో అడిగింది.

"ఎక్కడికి పోయావు?"

"డ్యూటీకి అమ్మా," అన్నాడు డ్రైవరు గుసగుసలాగా.

"ఎవరు పొమ్మన్నారు?"

అతను నావైపు చూశాడు. నేను లేచి నిలబడి, సిక్కు రోజులూ, తొంభై రోజుల నియమమూ, మొత్తం ముప్పై మూడు తగ్గకుండా చూస్తున్నామనీ వివరించాను. చక్కగానే వివరించాను. ఆవిడ చివరిదాకా విన్నది.

"మీరు లెక్కలు చూసే మనిషా?"

"అవునండీ."

"మరి ఈ పదహారు రోజులూ ఆ రోగం సెలవు పెట్టిందా?"

ఆవిడ డ్రైవరువైపు తిరిగింది.

"నువ్వు బండి నడుపుతావు కదా? నిండు గూడ్సు ఘాటెక్కుతోంది. సగంలో ఆపేసి టీ తాగి వస్తావా?"

"ఎలా ఆపుతానమ్మా? ఎనక్కి జారిపోదూ?"

"ఇదీ అంతే. నువ్వు సగంలో ఆపి వచ్చావు."

"పుండు కదమ్మా…" అన్నాడతను.

బామ్మర్ది కుర్చీ వెనక నుంచి ఆవిడకి చేత్తో సైగ చేశాడు, చెప్పొద్దని. ఆవిడ ఆ చేతిని చూసింది. ముఖం ఎర్రబడింది.

"గొంతు ఎవరిది? మీదా, అతనిదా?" అని బామ్మర్దిని కసిరి, డ్రైవరు కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "నీ కంఠంలో ఉన్నది కాన్సర్. మొదట వచ్చినప్పుడు చిన్నది. బాగవడానికే ఈ వైద్యం మొదలుపెట్టాం. ఇప్పుడు కూడా మానకుండా పెట్టించుకోవాలి. నీకు ఈ సంగతి తెలుసునని అనుకున్నాను. నేను నిన్నే అడగాల్సింది. అది నా తప్పు."

పెద్ద డాక్టరు ఒక గూడ్సు డ్రైవరుతో 'నా తప్పు' అనడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

డ్రైవరు గుండె ఆగలేదు. మూర్ఛపోలేదు. మూడో రోజు పోలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, "మిషన్ ఎప్పుడమ్మా?" అని అడిగాడు. అంతే.

వసారాలోకి వచ్చాక మా ఇద్దరివైపూ తిరిగాడు. గొంతు లేదు. ఉన్న గాలితోనే తిట్టాడు. అరవగలిగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

"బండి కదిలేముందు డ్రైవరుకి కాషన్ ఆర్డర్ ఇస్తార్రా. ఎక్కడ లైను బాలేదో, ఎక్కడ నెమ్మదిగా ఎల్లాలో రాసిస్తారు. నాను సదువుకుని సంతకం పెడితేనే బండి కదలాలి. మీరేటి సేసినారు? నా కాగితం మీ జేబులో పెట్టుకుని నన్ను బండి నడపమన్నారు."

"బావా, నీ మంచికే…"

"నోర్ముయ్. మీ అక్కకి కూడా తెలుసా?"

బామ్మర్ది తల దించుకున్నాడు.

"అచ్ఛా," అన్నాడు డ్రైవరు. తల ఊపాడు. "అందుకేనా అది రోజూ సేపల కూర సేసింది. మరి నువ్వేట్రా, లెక్కల బాబూ? నాకు ఎన్ని రోజులు సెలవుందో లెక్కేసినావు. నాకు ఎన్ని రోజులున్నాయో అడగనేదేం?"

నేను వంగి అతని సంచి అందుకోబోయాను.

"ఎల్లిపో. మీ ఇద్దరూ ఎల్లిపోండి. దాన్ని పంపండి, సాలు."

ఆయన భార్య వెళ్లి ధర్మశాలలో అతనితో ఉంది. డాక్టరు సిట్టింగుల లెక్క మార్చింది, కొన్ని పెంచింది. అన్నీ పూర్తయ్యాయి, ఒక్క రోజు మానలేదు. ఇక నేను విరిచిన లెక్క ఏమైందో వినండి. తిరిగి వచ్చాక సిగ్నల్ చెప్పడానికి గొంతు చాలదని ఇంజను దింపేశారు. రన్నింగ్ రూములో డ్రైవర్లకి పడకలు చూపించే పని ఇచ్చారు. దేన్ని కాపాడటానికి పదహారు రోజులు తగలేశానో అది ఎలాగూ పోయింది. ఏడు నెలలు నాతో మాట్లాడలేదు. ఎదుటి వరసలో ఉండి.

పదకొండు నెలలకి అది తిరగబెట్టింది. ఈసారి కంఠం తీసేసే ఆపరేషను చేయాలన్నారు.

ఆ కబురు విని నేను ఒక్కణ్ణే నాగపూర్ వెళ్లి ఆ డాక్టరుని కలిశాను. పదహారు రోజుల వల్లే తిరగబెట్టిందా అని అడిగాను.

"ఒక్క మనిషి విషయంలో చెప్పలేం," అంది. "ఖాళీ లేకపోయినా తిరగబెట్టేదేమో. మేలు మాత్రం చేసి ఉండదు."

"నూటికి ఎంత పాలు నాదంటారు?"

"అలాంటి లెక్క లేదు బాబూ," అంది. ఆ రోజు కంచు గొంతు కాదు. అందుకే మరీ కోపం వచ్చింది. తిట్టి ఉంటే బాగుండును.

మీకు ఎవరో ఒకరు చెప్తారు, పాత సంగతులెందుకు తవ్వుతావని. నన్నూ అన్నారు. బామ్మర్ది ఇప్పటికీ దాచడమే ధర్మమంటాడు. పేరు విని తండ్రి పోయాడు కదా అంటాడు. ఆ తండ్రికి చెప్పేనాటికే రోగం ఊపిరితిత్తులంతా పాకిందని అతని అక్కే నాతో చెప్పింది. మూడో రోజు పోవాల్సిన మనిషి మూడో రోజు పోయాడు, నింద పేరు మీద పడింది. దాన్ని పట్టుకుని ఒక కుటుంబం ముప్పై ఏళ్లు లెక్క తప్పు చేసింది. ప్రేమతోనే చేశారు, ఒప్పుకుంటాను. నాదీ ప్రేమే. ప్రేమ ఉన్నంత మాత్రాన లెక్క సరి కాదు.

అడగాల్సింది ఏమిటో నాకు నేర్పింది చివరికి ఆ డ్రైవరే. తిరగబెట్టిందన్నాక ఒక సాయంత్రం మా క్వార్టరుకి వచ్చాడు. ఏడు నెలల తర్వాత మాటలు కలిసినా, అవి 'ఊ', 'ఆ' లతో సరి. ఆ రోజు గుమ్మంలోనే నిలబడి ఒక కాగితం ఇచ్చాడు.

"హిందీలో రాసిపెట్టు. నాకు అది రాయడం రాదు. మాట్టాడితే ఆయమ్మకి నా గొంతు అర్థం గాదు."

తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో ప్రశ్నలు రాసుకున్నాడు. ఇప్పుడిది ఎక్కడిదాకా పోయింది. ఆపరేషను దీన్ని తీసెయ్యడానికా, బాధ తగ్గించడానికా. ఆపరేషను కాకుండా వేరే దారి ఉందా, ఉంటే మీరు దాన్ని ఎందుకు వద్దంటున్నారు. కంఠం తీసేస్తే అన్నం తినగలనా, స్నానం చేయగలనా, మా ఆవిణ్ణి పిలవగలనా. ఎన్నాళ్లు ఆలోచించుకోవచ్చు, ఎన్నాళ్లు దాటితే మించిపోతుంది. మొదలెట్టాక మధ్యలో ఏది ఆపకూడదు. ఏమీ చేయించుకోకపోతే ఎలా ఉంటుంది. ఇంకో డాక్టరుకి కూడా చూపిస్తాను, మీకు కోపమా.

ఎనిమిదయ్యాయి. ఆఖరున తొమ్మిదోది: నాలాంటివాళ్లు నూరుమంది ఉంటే, ఐదేళ్లకి ఎంతమంది మిగుల్తారు.

నా పెన్ను అక్కడ ఆగింది.

"అన్నయ్యా, ఇది వద్దులే."

"ఏం?"

"ఆ సంఖ్య తెలుసుకుని ఏం చేస్తావు? అది నూరుమంది సంగతి. నువ్వు ఒక్కడివి."

"తెలుసు. నానొక్కణ్నే. అయినా నూర్లో ఎక్కడో ఒక కాడ ఉంటాను గదా." నా వైపు చూసి పెదవి విరిచాడు. "లెక్కలోడివి, అంకెంటే నీకు బయమేట్రా? రాయి."

రాశాను. తొమ్మిదికి తొమ్మిదీ, తప్పు లేకుండా.

ఆ వారం బామ్మర్దితో కలిపి ముగ్గురం నాగపూర్ వెళ్లాం. అతనే రమ్మన్నాడు. సామాన్లు మొయ్యడానికన్నాడు. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాం. పిలుపు రాగానే బామ్మర్ది అలవాటుగా లేచాడు. నేనూ సగం లేచాను. డ్రైవరు అరచెయ్యి ఎత్తాడు, బండిని ఆపినట్టు.

"కూకోండి."

"ఒక్కడివేనా బావా? ఆయమ్మ మాటలు నీకు…"

"రోగం ఇద్దరికొచ్చిందేటి? కూకో."

లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఇరవై ఆరు నిమిషాలు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. లోపలి నుంచి ఆవిడ గొంతు వినపడుతోంది, మాటలు తెలియడం లేదు. మధ్యమధ్య చాలా నిశ్శబ్దం. అతను కాగితంలో వేలు పెట్టి చూపిస్తున్నాడేమో. బామ్మర్ది రెండుసార్లు తలుపు దగ్గరికి వెళ్లాడు. రెండుసార్లూ నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆ వ్యవహారం మొత్తంలో నేను చేసిన సరైన పని అదొక్కటే.

తలుపు తెరుచుకుంది. చేతిలో నా హిందీ కాగితం. ప్రతి ప్రశ్న పక్కనా నీలం సిరాతో ఏదో రాసి ఉంది, దూరం నుంచి అంతవరకే కనిపించింది. బామ్మర్ది ఎదురెళ్లాడు.

"ఏటన్నారు బావా?"

డ్రైవరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. గుండీ పెట్టుకున్నాడు.

"ఏటన్నారో నాకు సెప్పారు," అన్నాడు. "ఆకలేస్తంది. పదండి."